ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ అయిందా? ఈ-కార్డు నుంచి క్లెయిమ్ దాకా సమగ్ర మార్గదర్శి

"గ్రూప్ మెడిక్లెయిమ్ రెన్యువల్ అయింది, మీ వివరాలు సరిచూసుకోండి" అంటూ ఏటా ఒకసారి హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. దాంతోపాటు ఒక పీడీఎఫ్ ఉంటుంది. చాలామంది దాన్ని తెరవరు. పోయినేడాది ఉన్నదే ఈ ఏడూ ఉంటుందన్న ధీమా. తేడా కొట్టేది సరిగ్గా అక్కడే.

గ్రూప్ పాలసీ మీ యాజమాన్యానికీ బీమా కంపెనీకీ మధ్య ఏడాదికోసారి కుదిరే ఒప్పందం. అందులో మీరు సభ్యులు మాత్రమే, పాలసీదారు మీరు కారు. క్లెయిములు ఎక్కువైన ఏడాది తర్వాత బీమా కంపెనీ ప్రీమియం పెంచమంటుంది. ఆ భారం తగ్గించుకోవడానికి యాజమాన్యం ఎక్కడో ఒకచోట కోత పెడుతుంది. బీమా మొత్తం తగ్గిస్తే అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాని జోలికి పోరు. కో-పే (క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన వాటా), గది అద్దె పరిమితి, తల్లిదండ్రుల కవర్ లాంటి చోట్ల కత్తెర పడుతుంది. అందుకే చదవాల్సింది మొదటి పేజీలోని లక్షల అంకె ఒక్కటే కాదు, లోపలి పట్టిక కూడా.

1. కొత్త పీడీఎఫ్‌ను పాతదాని పక్కన పెట్టి చూడండి

పాత బెనిఫిట్ మాన్యువల్ మీ మెయిల్‌లోనే ఉంటుంది. రెండూ పక్కపక్కన తెరిచి ఈ అంశాలు సరిపోల్చండి.

- గది అద్దె పరిమితి: రోజుకు ఇంత అని రూపాయల్లోనా, బీమా మొత్తంలో శాతంగానా, 'సింగిల్ ప్రైవేట్ రూమ్' అని గది రకంగానా?
- కో-పే: ఎవరికి, ఎంత శాతం? తల్లిదండ్రులకు మాత్రమేనా?
- ఉప పరిమితులు: శుక్లం ఆపరేషన్‌కు ఒక్కో కంటికి ఎంత, ప్రసూతికి ఎంత, మోకీలు మార్పిడికి ఎంత?
- ముందునుంచీ ఉన్న జబ్బులు: మొదటి రోజు నుంచే కవర్ అవుతాయా? గ్రూప్ పాలసీల్లో సాధారణంగా అవుతాయి. అయినా రాతలో చూసుకోవాల్సిందే.
- అడ్మిషన్‌కు ముందు, డిశ్చార్జి తర్వాత అయ్యే ఖర్చులు: ఎక్కువ పాలసీల్లో 30 రోజులు, 60 రోజులు.
- టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) మారిందా? మారితే పాత ఈ-కార్డు నంబరు చెల్లదు. ఆస్పత్రి బీమా కౌంటర్ దగ్గర పాత కార్డు చూపించి గంటలకొద్దీ నిలబడేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

కొత్త ఈ-కార్డు దించుకోగానే పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో పోల్చండి. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరమా పూర్తి పేరా అన్న చిన్న తేడాకే ప్రీ-ఆథరైజేషన్ (చికిత్సకు బీమా కంపెనీ ఇచ్చే ముందస్తు అనుమతి) ప్రశ్నల్లో పడి ఆగిపోతుంది. దిద్దించుకోవడం ఇప్పుడైతే ఒక్క మెయిల్‌తో అయిపోతుంది. అడ్మిషన్ రోజైతే నరకం.

జీతం నెలకు రూ.21,000 లోపు ఉంటే, మీ సంస్థ ఈఎస్ఐ పరిధిలో ఉంటే, మీ దారి వేరు. మీ జీతంలో 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం ఈఎస్ఐకి వెళ్తాయి. వైద్యం ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి మొదలై, అక్కడి రెఫరల్‌తో పెద్దాస్పత్రికి వెళ్తుంది. ఈఎస్ఐ చందా పోతోందా, గ్రూప్ మెడిక్లెయిమ్ ఉందా అన్నది పేస్లిప్ చూసి తేల్చుకున్నాకే మిగతాది చదవండి.

2. ఎన్‌రోల్‌మెంట్ విండో మూసేలోగా కుటుంబాన్ని చేర్చండి

రెన్యువల్ సమయంలో కొన్ని రోజులపాటు విండో తెరిచి ఉంటుంది. అది మూశాక మళ్లీ ఏడాది ఆగాలి. మధ్యలో చేర్చుకోనిచ్చేది ఎక్కువగా రెండే సందర్భాల్లో: పెళ్లి, బిడ్డ పుట్టడం. అందుకు కూడా సాధారణంగా 30 రోజుల గడువే ఉంటుంది. పసిబిడ్డకు పేరు పెట్టలేదని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ఆగక్కర్లేదు, 'బేబీ ఆఫ్' అని తల్లి పేరుతో చేర్చి తర్వాత మార్పించుకోవచ్చు. పుట్టిన బిడ్డను ఇంక్యుబేటర్‌లో పెట్టాల్సి వస్తే బిల్లు ప్రసూతి పరిమితిలోంచి పోతుందా, కుటుంబ బీమా మొత్తంలోంచి పోతుందా అన్న వాక్యం కూడా వెతకండి. ప్రసూతికి పెట్టే పరిమితి చిన్నది. ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) రెండు రోజుల్లోనే దాన్ని దాటేయగలదు.

తల్లిదండ్రులో, అత్తమామలో, ఒక్క జంటనే ఎంచుకోమనే పాలసీలు చాలా ఉన్నాయి. ఒకసారి ఎంచుకున్నాక మార్చనివ్వవు. వయసు, ఇప్పటికే ఉన్న జబ్బులు, వాళ్లకు వేరే కవర్ ఉందా లేదా చూసి నిర్ణయించండి. ఇంట్లో గొడవ అయినా సరే, ఇది ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ వయ వందన కార్డు కింద ఏడాదికి రూ.5 లక్షల కవర్ 2024 అక్టోబరు నుంచి ఉంది. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నా తీసుకోవచ్చు. ఆధార్ ఉంటే చాలు.

3. గది అద్దె: బిల్లు సగం తెగేది ఇక్కడే

ఇది నిదానంగా అర్థం చేసుకోవాలి. రోజుకు రూ.3,000 పరిమితి ఉండగా రూ.6,000 గదిలో చేరితే, పైన పడే మూడు వేలే మన జేబులోంచి పోతాయని అందరూ అనుకుంటారు. కానీ ఎన్నో పాలసీల్లో 'దామాషా కోత' ఉంటుంది. పెద్ద గదికి మారితే ఆస్పత్రులు సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ, నర్సింగ్ కూడా పెంచి వేస్తాయి. కాబట్టి వాటన్నిటినీ బీమా కంపెనీ అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది.

బీమా మొత్తం రూ.3 లక్షలు, గది పరిమితి రోజుకు అందులో 1 శాతం, అంటే రూ.3,000 అనుకోండి. నాలుగు రోజులు రూ.6,000 గదిలో ఉన్నారు. బిల్లు ఇలా వచ్చింది:

- గది: రూ.24,000
- సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, నర్సింగ్: రూ.1,20,000
- మందులు, ఇంప్లాంట్: రూ.60,000
- పరీక్షలు: రూ.16,000
- బీమా కంపెనీ చెల్లించని వస్తువులు: రూ.8,000

మొత్తం రూ.2,28,000. అర్హత ఉన్న గది, తీసుకున్న గదిలో సగం. కాబట్టి గదికి రూ.12,000, రెండో పద్దుకు రూ.60,000 మాత్రమే వస్తాయి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. అవి పూర్తిగా రూ.76,000. బీమా కంపెనీ ఇచ్చేది రూ.1,48,000. మీ జేబులోంచి రూ.80,000. ఇదే నాన్నగారి క్లెయిమ్ అయి 10 శాతం కో-పే కూడా ఉంటే మరో రూ.14,800 కలుస్తుంది.

సెటిల్‌మెంట్ కాగితం వచ్చాక మందుల మీద కూడా దామాషా కోత వేశారేమో చూడండి. వేస్తే ఆ నిబంధన చూపించి అడగండి. ఐసీయూ చార్జీల మీదా, గదిని బట్టి రేట్లు మార్చని ఆస్పత్రుల్లోనూ ఈ కోత ఉండకూడదు.

చెల్లించని వస్తువుల జాబితా కూడా ఐఆర్‌డీఏఐ ప్రామాణికంగా ఇచ్చిందే: గ్లవ్స్, మాస్కులు, అటెండెంట్ చార్జీ, బట్టలు ఉతికిన ఖర్చు లాంటి 68 పద్దులు. కొన్ని పాలసీలు వీటికీ అదనపు కవర్ ఇస్తాయి. ఇస్తోందేమో చూసుకోండి.

4. టాప్-అప్ తీసుకోవాలా?

తీసుకోవాలి, అయితే 'సూపర్ టాప్-అప్' తీసుకోండి. రెంటికీ తేడా ఇది: డిడక్టబుల్ (ఆ మొత్తం దాటాకే టాప్-అప్ ఇవ్వడం మొదలవుతుంది) రూ.3 లక్షలు, ఒకే ఏడాదిలో రూ.2.5 లక్షల చొప్పున రెండు క్లెయిములు వచ్చాయనుకుందాం. మామూలు టాప్-అప్ ప్రతి బిల్లునూ విడిగా చూస్తుంది. ఏదీ 3 లక్షలు దాటలేదు కాబట్టి పైసా రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం కలిపి 5 లక్షలుగా చూసి, 2 లక్షలు ఇస్తుంది.

ఆఫీసు ద్వారా కొనే టాప్-అప్ ఉద్యోగంతోపాటే పోతుంది. బయట సొంతంగా కొన్నది మీతోనే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీల మీద జీఎస్టీ లేదు, గ్రూప్ పాలసీల మీద మాత్రం 18 శాతం కొనసాగుతోంది. మీరు సొంతంగా కట్టే ప్రీమియానికి పాత పన్ను విధానంలో, ఇన్నాళ్లూ 80డి అని పిలుస్తున్న మినహాయింపు ఉంది: మీకూ భార్యాపిల్లలకూ కలిపి రూ.25,000, అరవై దాటిన తల్లిదండ్రులకైతే మరో రూ.50,000. ఈ పరిమితిలోనే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు రూ.5,000 వరకు చూపించవచ్చు. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఇవేవీ లేవు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడే సొంత పాలసీ తీసుకోమని చెప్పడానికి కారణం వెయిటింగ్ పీరియడ్, అంటే జబ్బుకు కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం. ముందునుంచీ ఉన్న జబ్బులకు అది గరిష్ఠంగా 3 ఏళ్లు. 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన మార్పు, అంతకుముందు 4 ఏళ్లుండేది. ప్రపోజల్ ఫారంలో షుగర్, బీపీ దాచిపెట్టడం మాత్రం వద్దు. అయిదేళ్లు ఆగకుండా పాలసీ నడిచాక మోసం రుజువైతే తప్ప ఆ కారణం చూపించి క్లెయిమ్ కాదనకూడదు. ఆ అయిదేళ్లలోపు మాత్రం మొత్తం పాలసీకే ముప్పు.

5. క్యాష్‌లెస్: అడ్మిషన్ నుంచి డిశ్చార్జి దాకా

క్యాష్‌లెస్ అంటే ఆస్పత్రి బిల్లును బీమా కంపెనీయే నేరుగా కట్టడం. ముందే ఖరారైన ఆపరేషన్ అయితే కనీసం 48 గంటల ముందు టీపీఏకి తెలపండి. అత్యవసరమైతే చేరిన 24 గంటల్లోగా, లేదా పాలసీలో ఉన్న గడువులోగా. నెట్‌వర్క్ జాబితాలో ఆస్పత్రి పేరుంటే సరిపోదు. అదే బ్రాంచి ఉందో లేదో యాప్‌లో చూసి, ఆస్పత్రి బీమా డెస్క్‌కి ఒక ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

డెస్క్ దగ్గర ఈ-కార్డు, రోగి ఆధార్, ఉద్యోగి ఐడీ, డాక్టర్ అడ్మిషన్ చీటీ, పాత రిపోర్టులు ఇస్తే వాళ్లు ప్రీ-ఆథ్ ఫారం నింపుతారు. సంతకం పెట్టే ముందు దాన్ని చదవండి. 'జబ్బు ఎంతకాలంగా ఉంది' అన్న గడిలో డ్యూటీ డాక్టర్ హడావిడిలో ఏదో రాసేస్తారు. నొప్పి పది రోజులుగా ఉంటే పదేళ్లు అని పడిన ఫారాలు లేకపోలేదు. మద్యం అలవాటు గురించిన గడి కూడా అంతే: ఎప్పుడో పెళ్లిళ్లలో తాగేవాడికి 'ఆల్కహాలిక్' అని రాస్తే, కాలేయం, పాంక్రియాస్ జబ్బుల క్లెయిమ్ నేరుగా తిరస్కరణకు పోవచ్చు. ఉన్నది దాచమనడం లేదు. లేనిది రాయనివ్వకండి.

ఐఆర్‌డీఏఐ 2024 మే మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోగా నిర్ణయం రావాలి. డిశ్చార్జి బిల్లు అందాక 3 గంటల్లోగా తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఏమైనా వేస్తే అది బీమా కంపెనీ భరించాలి. అయితే ఈ లెక్క మొదలయ్యేది ఆస్పత్రి పూర్తి కాగితాలు పంపాకే. డాక్టర్ పొద్దున్న రౌండ్స్‌లో "ఇవాళ వెళ్లిపోవచ్చు" అంటారు, డిశ్చార్జి సమ్మరీ టైపయ్యేసరికి మధ్యాహ్నం, ఫార్మసీ రిటర్నులు అయ్యేసరికి సాయంత్రం. టీపీఏని తిట్టేముందు బిల్లింగ్ కౌంటర్‌లో "ఫైల్ ఎన్నింటికి పంపారు?" అని అడిగి ఆ సమయం రాసి పెట్టుకోండి.

మొదట వచ్చే అనుమతి మొత్తం చిన్నదిగా ఉంటే కంగారు పడకండి. అది ప్రాథమిక అనుమతి, బిల్లు పెరిగే కొద్దీ ఆస్పత్రివాళ్లు ఎన్‌హాన్స్‌మెంట్ (అనుమతి మొత్తం పెంపు) అడుగుతారు. క్యాష్‌లెస్ నిరాకరణ కూడా క్లెయిమ్ నిరాకరణ కాదు. డబ్బు కట్టి బయటికొచ్చి, రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చు. బీమా మొత్తం అయిపోతే 'కార్పొరేట్ బఫర్' (ఉద్యోగులందరి అవసరాలకూ ఉమ్మడిగా ఉంచే అదనపు మొత్తం) ఉందేమో హెచ్ఆర్‌ని అడగండి. అడిగినవాళ్లకే అది దొరుకుతుంది.

6. రీయింబర్స్‌మెంట్ ఫైలు

డిశ్చార్జి తర్వాత 15 నుంచి 30 రోజుల్లోగా ఇవ్వాలనే పాలసీలు ఎక్కువ. ఫైలులో ఉండాల్సినవి: క్లెయిమ్ ఫారం రెండు భాగాలు (రెండోది ఆస్పత్రి నింపి ముద్ర వేయాలి), డిశ్చార్జి సమ్మరీ, పద్దులవారీ తుది బిల్లు, డబ్బు కట్టిన రసీదు, ప్రతి మందుల బిల్లుకూ దానికి సంబంధించిన చీటీ, రిపోర్టులు, ఇంప్లాంట్ వేస్తే దాని స్టిక్కర్, ఇన్వాయిస్, క్యాన్సిల్ చేసిన చెక్కు. ప్రమాదమైతే ఎంఎల్‌సీ (ఆస్పత్రి నమోదు చేసే మెడికో-లీగల్ కేసు) లేదా ఎఫ్ఐఆర్ నకలు. బిల్లు ఉండి రసీదు లేకపోవడం అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. అసలు కాగితాలు ఇచ్చేముందు ప్రతి పేజీ స్కాన్ చేసుకోండి.

డిశ్చార్జి తర్వాతి మందులు, ఫిజియోథెరపీ బిల్లులను చిన్నచిన్నగా పంపకుండా 60 రోజులూ పోగేసి ఒకేసారి పెట్టడం మేలు.

7. క్లెయిమ్ కొట్టేస్తే

తరచూ వినిపించే కారణాలు రెండు. ఒకటి, 'పరీక్షల కోసమే చేరారు.' రెండోది, 'ఇంట్లో ఉండి మందులు వేసుకుంటే సరిపోయేది.' జ్వరాల కేసుల్లో ఈ రెండోది మరీ ఎక్కువ. దీనికి జవాబు కేస్ షీట్‌లో ఉంటుంది: ఎన్ని డిగ్రీల జ్వరం, ప్లేట్‌లెట్లు ఎంత, నరానికి ఏ మందు ఎన్నిసార్లు ఎక్కించారు. ఆస్పత్రి రికార్డ్స్ విభాగం నుంచి ఇండోర్ కేస్ పేపర్ల నకళ్లు, ఇంట్లో ఉంచి వైద్యం చేయడం ఎందుకు కుదరలేదో డాక్టర్ రాసిన లేఖ తెచ్చుకోండి.

బీమా కంపెనీ తన క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పాలి. ముందు ఆ లేఖ అడగండి. తర్వాత వరుసగా:

1. హెచ్ఆర్ ద్వారా, లేదా బ్రోకర్ ద్వారా టీపీఏకి పునఃపరిశీలన కోరుతూ మెయిల్. గ్రూప్ పాలసీల్లో ఈ మెట్టుకు బలం ఎక్కువ. వచ్చే ఏడాది వ్యాపారం యాజమాన్యం చేతిలో ఉంటుంది కదా.
2. బీమా కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు.
3. బీమా భరోసా పోర్టల్, లేదా ఐఆర్‌డీఏఐ నంబరు 155255.
4. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి). గ్రూప్ పాలసీ సభ్యులూ వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. తెలుగు రాష్ట్రాలకు కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

8. ఉచిత హెల్త్ చెకప్‌ను సరిగ్గా వాడుకోండి

పాలసీతో వచ్చే చెకప్ కూపన్లు గడువు దాటి మురిగిపోవడం మామూలే. వెళ్లేవాళ్లు కూడా తయారీ లేకుండా వెళ్లి తప్పుడు అంకెలు తెచ్చుకుంటారు. ఫాస్టింగ్ అంటే 8 నుంచి 12 గంటలు. మంచినీళ్లు తాగవచ్చు, కాఫీ టీలు వద్దు. ముందురోజు రాత్రి మద్యం తాగితే ట్రైగ్లిజరైడ్లు పెరిగి కనిపిస్తాయి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి, లేకుంటే ఫలితం తారుమారవుతుంది.

ఫాస్టింగ్ షుగర్ 100 నుంచి 125 ఉంటే ప్రీడయాబెటిస్, 126 నుంచి డయాబెటిస్ అనుమానించి మళ్లీ పరీక్షించాలి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) అయితే 5.7 నుంచి 6.4 ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు, అందుకని హిమోగ్లోబిన్‌తో కలిపి చదవాలి. నడుము కొలత భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదు. బరువు మామూలుగానే ఉండి పొట్ట మాత్రం పెరిగినవాళ్లకు బీఎంఐ కంటే ఇదే అసలు కొలత.

బీపీ చూసే తీరులోనే తప్పులెక్కువ. మెట్లెక్కి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, చొక్కా చేయి మీదే పట్టీ చుట్టి, కబుర్లు చెబుతూ చూసిన అంకెకు విలువ లేదు. 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపుకు ఆనుకోవాలి, కాళ్లు నేల మీద, చేయి గుండె ఎత్తులో, అంతకు అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ లేకుండా. మూత్రం ఆపుకుని ఉన్నా అంకె పెరుగుతుంది. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇలా చూసినా వేర్వేరు రోజుల్లో 140/90 తగ్గకపోతే డాక్టర్ దగ్గరకు.

మానసిక ఆరోగ్యం సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి. ఆస్పత్రిలో చేరితేనే అది ఉపయోగపడుతుంది, కౌన్సెలింగ్ ఫీజు ఓపీడీ (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యం) కవర్ ఉంటేనే వస్తుంది. ఆఫీసు ఇచ్చే కౌన్సెలింగ్ సేవ వాడేముందు "యాజమాన్యానికి ఏ వివరాలు వెళ్తాయి?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆఫీసుతో సంబంధం లేకుండా మాట్లాడాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416, తెలుగులోనూ పలుకుతారు.

9. ఉద్యోగం మారేముందు

చాలా సంస్థల్లో చివరి పనిదినంతోనే కవర్ ఆగిపోతుంది. కొత్త చోట చేరిన రోజు నుంచే మొదలవుతుందో లేదో ఆఫర్ లెటర్ దశలోనే అడగండి. మధ్యలో నెల ఖాళీ ఉంటే ఆ నెల కుటుంబమంతా బీమా లేకుండా ఉన్నట్టే. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే 'మైగ్రేషన్' వెసులుబాటు ఉంది. గ్రూప్‌లో గడిపిన కాలానికి వెయిటింగ్ పీరియడ్‌లో క్రెడిట్ వస్తుంది. కంపెనీ తన నిబంధనల ప్రకారం పరిశీలించి, ప్రీమియం లెక్కగట్టి చెబుతుంది. దీనికి సమయం పడుతుంది కాబట్టి రాజీనామా పెట్టిన వారంలోనే దరఖాస్తు చేయండి. హెచ్ఆర్ నుంచి ఏయే సంవత్సరాలు ఏ పాలసీ నంబరు కింద, ఎంత మొత్తానికి కవర్ అయ్యారో తెలిపే లేఖ, పాత ఈ-కార్డులు, క్లెయిమ్ చరిత్ర ఆఫీసు మెయిల్ మూతపడకముందే సొంత మెయిల్‌కి పంపుకోండి.